పని చేతులు మారాక: బిషప్ అజరయ్య, క్రైస్తవుడి వారసత్వం

బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారి స్మృతికి అంకితమైన ఉపన్యాసం కాబట్టి ఆయన గొప్పతనాన్ని వర్ణించి కూర్చోవడం సులువు. కానీ దానివల్ల ఆయనకు న్యాయం జరగదు. మన తెలుగు చర్చిల్లో దేంట్లోనైనా తల పైకెత్తి చూడండి. ఫ్యాను రెక్కల మీద, ట్యూబులైటు పట్టీ మీద, బల్ల వీపు మీద, గోడలోని పాలరాతి ఫలకం మీద ఫలానా వారి జ్ఞాపకార్థం అంటూ పేర్లు కనిపిస్తాయి. ఇందులో తప్పేమీ లేదు. పోయినవాళ్లను తలుచుకోవడం ప్రేమకు గుర్తు. అయితే ఫ్యాను తిరుగుతున్నంతసేపూ దాని మీది పేరు చదవలేం, ఆగినప్పుడే చదవగలం. క్రైస్తవుడు తన వెనక ఏం వదిలి వెళ్లాలి, దాన్ని దేనితో కొలవాలి అన్న ప్రశ్నకు నేను చెప్పదలచిన జవాబు దీనికి దగ్గరగానే ఉంది. మనం పోయాక మన పేరు ఎంతకాలం వినబడుతుందన్నది నమ్మదగ్గ కొలత కాజాలదు. మనం మొదలుపెట్టిన పనిని తర్వాతివాళ్లు తమ బలంతో, తమ బుద్ధితో, మన అనుమతి అక్కర్లేకుండా నడపగలుగుతున్నారా అని చూడాలి. ఉద్దేశంతో బతకడమంటే ఆ అప్పగింత కోసం బతికుండగానే జీవితాన్ని సర్దుకోవడం. ఈ వాదనకు అజరయ్య గారి జీవితాన్నే సాక్ష్యంగా పెడుతున్నాను. ఎదురయ్యే అభ్యంతరాలను కూడా దాటవేయను.

వాదనకు మూలం బైబిల్లోనే ఉంది. దావీదు దేవాలయం కట్టాలని ఎంతో కోరుకున్నాడు గాని కట్టలేదు. రాళ్లు, ఇనుము, ఇత్తడి, దేవదారు మ్రానులు సమకూర్చి కొడుక్కి అప్పజెప్పాడని దినవృత్తాంతాల మొదటి గ్రంథం చెబుతుంది. మోషే వాగ్దాన దేశాన్ని కొండ మీంచి చూశాడే గాని అందులో అడుగుపెట్టలేదు. అంతకుముందే యెహోషువ మీద చేయి ఉంచి, సమాజమంతా చూస్తుండగా బాధ్యత అప్పగించాడు. పౌలు తిమోతికి రాసిన రెండో పత్రికలో ఒక్క వాక్యంలో నాలుగు తరాలు కనిపిస్తాయి: పౌలు, తిమోతి, తిమోతి నేర్పబోయే నమ్మకస్తులు, ఆ నమ్మకస్తులు నేర్పబోయే ఇతరులు. వీళ్లకు ఎదురుగా లూకా సువార్తలోని ధనవంతుడున్నాడు. ఉన్న కొట్లు విప్పి మరింత పెద్దవి కట్టించాలనుకుంటాడు. ఆ రాత్రే ప్రాణం పోతే కూడబెట్టినవన్నీ ఎవరివవుతాయన్న ప్రశ్న అతని ముందుకు వస్తుంది. అతని మాటల్ని జాగ్రత్తగా వింటే ఒక సంగతి తేలుతుంది. తన పంట, తన కొట్లు, తన ప్రాణం తప్ప మరో మనిషి ఊసే ఎత్తడు. అప్పగించడానికి ఎవరూ లేని బతుకు అది. గృహనిర్వాహకుల ఉపమానాల్లో యజమాని అడిగేది లెక్క. తన దగ్గరున్నది తనది కాదని ఎరిగినవాడికే దాన్ని సక్రమంగా చేతులు మార్చడం చేతనవుతుంది. క్రైస్తవ వారసత్వానికి పునాది ఈ ఎరుకే.

ఇక అజరయ్య గారి సంగతికి వస్తాను. ఆయన 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళైలో పుట్టారు. తండ్రి గ్రామ సంఘ కాపరి. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివాక వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణ భారతమంతా తిరిగారు. ఆ రోజుల్లో సువార్త పనికి డబ్బు, మనుషులు, ఆజ్ఞలు అన్నీ సముద్రం అవతలి నుంచే వచ్చేవి. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులతో కలిసి ఆయన ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. సొమ్ము భారతీయులదే, పనివాళ్లు భారతీయులే, నిర్వహణ కూడా భారతీయులదే కావాలన్నది దాని నియమం. 1905లో శ్రీరాంపూర్‌లో ఏర్పడిన నేషనల్ మిషనరీ సొసైటీ వెనకా ఆయన ఉన్నారు. అంతటితో ఆగి ఉంటే సంస్థలు పెట్టిన మనిషిగా మిగిలేవారు. 1909లో, ముప్ఫై అయిదేళ్ల వయసులో, దేశమంతటా పలుకుబడి ఉన్న ఉద్యోగం వదిలి, గురుపట్టం పొంది, తాను పెట్టిన సొసైటీకే పనివాడిగా దోర్నకల్ వచ్చారు. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని దోర్నకల్ అప్పటికి నిజాం రాజ్యంలో ఒక రైల్వే జంక్షను. తమిళం మాతృభాష అయిన మనిషి తెలుగు నేర్చుకుని మాల, మాదిగ పల్లెల్లో పని మొదలుపెట్టారు. ఇతరులను వెళ్లమని చెప్పిన చోటికి తానే వెళ్లడం మెచ్చుకోదగ్గదే. దానికన్నా ముఖ్యమైనది, అక్కడ ఆయన పనిని ఎలా పేర్చారన్నది.

ఆ పేర్పు వెనక ఉన్న ఆలోచనను 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన బయటపెట్టారు. పన్నెండు వందలకు పైగా ప్రతినిధులున్న ఆ సభలో ఆసియావాసులు ఇరవైమంది కూడా లేరు. మిషనరీలు తమ ఆస్తిని, చివరికి ప్రాణాల్ని కూడా ఇచ్చారని ఆయన కృతజ్ఞతతోనే ఒప్పుకున్నారు. ఆ తర్వాత, ఇవన్నీ ఇచ్చినవాళ్లు స్నేహాన్ని మాత్రం ఇవ్వలేదనీ, మాకు కావలసింది స్నేహితులనీ ముఖం మీదే చెప్పారు. విన్నవారిలో కొందరు నొచ్చుకున్నారు కూడా. ఈ ప్రసంగాన్ని తరచు ఆత్మగౌరవ ప్రకటనగా చదువుతాం. దాన్ని వారసత్వం గురించిన ప్రసంగంగా కూడా చదవాలంటాను. ఎదుటివాణ్ని సమానుడిగా చూడలేనివాడు అతనికి అన్నం పెట్టగలడు, చదువు చెప్పగలడు, జబ్బు నయం చేయగలడు. తాళాలు మాత్రం ఇవ్వలేడు. ఎప్పుడూ ఇంకా సమయం రాలేదనే అంటాడు. దయ ఎంత పెద్దదైనా, స్నేహం లేని చోట అది ఒక తరం నుంచి మరో తరానికి చేతులు మారదు. ఇచ్చేవాడు ఉన్నంతకాలం సాగి, అతనితోపాటే ఆగిపోతుంది.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టకపోతే, మిషనరీల వ్యతిరేకత మధ్య అది జరిగేదో లేదో. మొదట చిన్నదిగా మొదలైన దోర్నకల్ అధ్యక్ష మండలంలో తర్వాత కృష్ణా, గోదావరి ప్రాంతాల ఆంగ్లికన్ సంఘాలు కూడా చేరాయి. 1935 నాటికి అందులో సుమారు 250 మంది భారతీయ గురువులు, వాళ్లతోపాటు రెండు వేలకు పైగా గ్రామ ఉపదేశకులు, వైద్య సిబ్బంది, సువార్తికులు పనిచేస్తున్నారు. ఈ అంకెల్లో విశ్వాసుల సంఖ్యకన్నా పనివాళ్ల సంఖ్యనే నేను ముందుకు తెస్తున్నాను. ఎందుకంటే వాళ్లలో అత్యధికులు ఆ పల్లెల నుంచే, నిన్నటిదాకా అక్షరం ముట్టనివ్వని ఇళ్ల నుంచే వచ్చారు. గ్రామ ఉపదేశకుడంటే కూలిపని ముగించుకుని వచ్చిన పెద్దలకూ పిల్లలకూ చీకటి పడ్డాక అక్షరాలు దిద్దించి, ప్రార్థన నడిపి, కీర్తన నేర్పేవాడు. బాప్తిస్మం సమయంలో అజరయ్య గారు పాటించిన ఒక పద్ధతి ఉంది. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్లు తమ చేయి తమ తల మీదే పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పౌలు కొరింథీయులతో చెప్పిన అర్థం వచ్చేలా పలకాలి. నిన్నటిదాకా దొర ముందు తల వంచుకుని నిలబడ్డ మనిషి ఈ రోజు తన తల మీద తానే చేయి వేసుకుని ఒక బాధ్యతకు నియమితుడవుతున్నాడు. బోధ వినేవాడు బోధకుడు కావడానికి ఇన్నేళ్లు ఆగాలన్న లెక్క అక్కడ లేదు. పని చేతులు మారడం మొదటి రోజునే మొదలైంది.

డబ్బు విషయంలోనూ ఆయన దారి ఇదే. క్రైస్తవుడు ఇవ్వవలసిన తీరు గురించి ఆయన ఒక పుస్తకమే రాశారు. బీదవాళ్లను కానుకలు అడగడం క్రూరత్వం కాదా అని ఎవరైనా అడగవచ్చు. పుచ్చుకోవడమే తప్ప ఇవ్వడం ఎరగని మనిషికి సంఘంలో మాట ఉండదన్నదే దీనికి జవాబు. ఇవాళ్టికీ మన పల్లె సంఘాల్లో వంటకు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ఇల్లాలు పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో పోస్తుంది, ఆదివారం అది చర్చికి చేరుతుంది. కోత పండుగ రోజు ఆరాధన ముగియగానే బల్ల ముందు వేలం మొదలవుతుంది. గుమ్మడికాయ, కాళ్లు కట్టిన కోడిపుంజు, పాదున కాసిన మొదటి సొరకాయ, గిద్దెడు కందులు అన్నీ పాటకు వస్తాయి. కోడి తెచ్చినవాడే మళ్లీ పోటీపడి పాట పాడి దాన్ని ఇంటికి తీసుకెళ్తాడు. చూసేవాళ్లకు అది సందడి. లెక్క కట్టేవాడికి అందులో ఒక సూత్రం కనబడుతుంది. ఏ పాస్టరు జీతానికి ఎవరు ఎంత ఇచ్చారో ఊరందరికీ తెలుసు కాబట్టి, ఆ పాస్టరును నిలదీసే హక్కూ ఊరందరికీ ఉంటుంది. బయటి సొమ్ముతో నడిచే పనిలో ఆ హక్కు సొమ్ము పంపినవాడి దగ్గరే ఉండిపోతుంది.

దోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ కేథడ్రల్‌ను కొందరు ఆయన వారసత్వానికి గుర్తుగా చూపిస్తారు. ఆలయ స్తంభాలు, ముస్లిం కట్టడాల గుమ్మటాలు కలిపి కట్టిన ఆ నిర్మాణానికి దాదాపు పాతికేళ్లు పట్టి, 1939లో ప్రతిష్ఠ జరిగింది. క్రీస్తును ఆరాధించడానికి ఇంగ్లండు గోపురమే అక్కర్లేదని రాతిలో చెప్పిన మాట అది. అయినా నా దృష్టిలో ఆయన విడిచి వెళ్లినవాటిలో దీనికన్నా బరువైనది మరొకటుంది. 1919 మేలో తరంగంబాడిలో, వేర్వేరు సంఘాలకు చెందిన కొద్దిమంది సేవకులు, దాదాపు అందరూ భారతీయులే, కూర్చుని దక్షిణ భారత ప్రొటెస్టెంటు సంఘాల ఐక్యత కోసం ప్రకటన చేశారు. అజరయ్య గారు అందులో ముఖ్యులు. యూరప్‌లో పుట్టిన తగాదాలను తెలుగు పల్లెల మీద రుద్దడం ఎందుకన్నది వాళ్ల ప్రశ్న. తర్వాత పాతికేళ్లు ఆయన ఆ చర్చల్ని వదల్లేదు. 1945 జనవరి 1న కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడింది. బిషప్పులున్న సంఘాలు, బిషప్పులు లేని సంఘాలు ఒక్కటిగా కలవడం చరిత్రలో అదే మొదలు. ఆంగ్లికన్ బిషప్పుగా తనకు అధికారం ఇచ్చిన వ్యవస్థ విడిగా ఉండని రోజు కోసం ఆయన తన అధికారాన్ని వాడారు. ఆ రోజును ఆయన చూడలేదు. చూడకపోయినా పని ఆగలేదంటే, అప్పటికే అది ఆయన ఒక్కడి పనిగా మిగల్లేదన్నమాట.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది భక్తుల నుంచే వస్తుంది. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు శిష్యులు తమ వెనక ఏం మిగులుతుందని ఆలోచించడమే అహంకారం కాదా? బైబిల్లోని ప్రసంగి కూడా తన కష్టఫలం తర్వాత వచ్చేవాడు బుద్ధిమంతుడో మూఢుడో ఎవరికి తెలుసని నిట్టూర్చాడు గదా? ఈ అభ్యంతరం పేరుప్రతిష్ఠల మీద గురిపెట్టినంతవరకు పూర్తిగా సరైనదే. కానీ రేపటి గురించి చింతించవద్దన్న మాట రేపటివాళ్ల గురించి పట్టించుకోవద్దన్న మాట కాదు. నేనే లేకపోతే ఈ పని సాగదు అనుకునేవాడిలో అహంకారం ఎక్కువా, నా తర్వాత వీళ్లు నాకన్నా బాగా చేస్తారు అనుకుని నేర్పేవాడిలోనా? వారసుణ్ని తయారు చేయనివాడు తనకు వినయమనుకోవచ్చు. ఫలితంలో మాత్రం అతను తన కుర్చీని తనతోపాటు సమాధికి తీసుకెళ్తున్నాడు. ప్రసంగి చెప్పిన దిగులుకు మందు కూడా ఇదే. వచ్చేవాడు ఎలాంటివాడో తెలియకపోతే, వచ్చేవాడికి ముందుగానే నేర్పడం మన చేతిలో ఉంది.

రెండో అభ్యంతరం బయటి నుంచి వస్తుంది, ఇంకా గట్టిది. దోర్నకల్ వారసత్వమంటే చివరికి వలస పాలన నీడలో సాగిన మతాంతరీకరణే గదా అంటారు. 1935లో తాను హిందువుగా మరణించనని అంబేడ్కర్ ప్రకటించాక, గాంధీజీ తన హరిజన్ పత్రికలో సామూహిక మతాంతరీకరణను తీవ్రంగా విమర్శించారు. ఆశలు చూపి చదువులేని బీదల్ని మార్చడం ధర్మమా అన్నది ఆ విమర్శలోని ప్రశ్న. ఇందులో కొట్టిపారేయలేని భాగముంది. ఎక్కడ సాయాన్ని ఎరగా వాడారో అక్కడ సువార్తకే అవమానం జరిగింది. అయితే అజరయ్య గారి పద్ధతిని ఈ విమర్శ ఎంతవరకు తాకుతుంది? పల్లెవాళ్లకు మతం గురించి సొంతంగా తేల్చుకునే శక్తి లేదనడం వాళ్లను మరోసారి తక్కువ చేయడమేనని ఆయన వైపు జవాబు. వాళ్లలో వచ్చిన మార్పు చూసి కొన్నిచోట్ల పై కులాలవాళ్లు కూడా సంఘంలో చేరారన్నది ఆయన ఎత్తిచూపిన సంగతి. పైగా క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వజూపితే ఆయన వ్యతిరేకించారు. సంఘాన్ని రాజకీయ వాటాగా మార్చుకోవాలనుకునేవాడు చేసే పని కాదది. ఆ తర్వాతి చరిత్ర కూడా ఏం చెబుతోందో చూడండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించింది, క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లను బీసీ-సి కింద ఒక శాతం రిజర్వేషన్లో ఉంచారు. కాగితం మీద ఒక మతం, ఆదివారం మరో మతం అన్న ఇరకాటంలో ఎన్నో కుటుంబాలున్నాయి. లాభం కోసమే వచ్చారన్న వాదన, నష్టం ఎదురైనా ఆదివారం చర్చి బెంచీలు ఎందుకు ఖాళీ కాలేదో చెప్పలేదు.

అలాగని ఆ వారసత్వంలో లోటు లేదని నేననను. సంఘంలో కులం చావలేదు. మాల సంఘం, మాదిగ సంఘం అని విడిగా లెక్కలు వేసుకునే ఊళ్లు నేటికీ ఉన్నాయి. బిషప్ ఎన్నికల్లో కులం పేరుతో ఓట్లు అడుగుతారు. మిషనరీలు వదిలిన స్థలాల మీద కోర్టుల్లో వ్యాజ్యాలు నడుస్తున్నాయి. మూడో అభ్యంతరం ఇక్కడి నుంచే పుడుతుంది. ఎంత గొప్పగా అప్పగించినా సంస్థలు చెడిపోవడమే గదా చివరికి, ఇక వారసత్వం గురించి మాట్లాడటమెందుకు? ఈ ప్రశ్న వేసేవాళ్లు తరచు సంఘం మీది ప్రేమతోనే, విసిగిపోయి వేస్తారు. నా జవాబు ఇది: చెడిపోయినదేదో, నిలిచినదేదో విడదీసి చూద్దాం. స్థలం, భవనం, పదవి అప్పగించి, వాటిని ఎలా వాడాలో, ఎవరికి లెక్క చెప్పాలో అప్పగించని చోటే కొట్లాట పుట్టింది. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే వారసులు తయారైంది అక్కడే. ఉపదేశకుడు అక్షరం నేర్పిన ఇంట్లో కూతురు టీచరైంది, మనవరాలు నర్సు అయి గుంటూరులోనో, గల్ఫులోనో, ఇంగ్లండులోనో వార్డు నడుపుతోంది. ఆ నేర్పును ఏ కోర్టూ స్వాధీనం చేసుకోలేదు. భవనాలు అనవసరమని దీని అర్థం కాదు, బడి నడవాలంటే గది కావాలి. భవనంతోపాటు లెక్కల పుస్తకం, ప్రశ్నించే హక్కు కూడా చేతులు మారకపోతే వారసత్వం ఆస్తి తగాదాగా దిగజారుతుందన్నదే నేను చెప్పేది. లోటు అప్పగించడంలో లేదు, సగమే అప్పగించడంలో ఉంది.

చివరి అభ్యంతరం సామాన్యులది. అజరయ్య గారు బిషప్, మహాసభల్లో మాట్లాడినవారు. కిరాణా కొట్టు నడిపేవాడికి, బస్సు కండక్టరుకు, ఇంటిపని చేసే తల్లికి ఈ కొలత ఎలా వర్తిస్తుంది? నిజానికి ఈ కొలత వాళ్లకే ఎక్కువ అనుకూలం. పేరుతో కొలిస్తే మనలో నూటికి తొంభైతొమ్మిది మందికి వారసత్వమే లేదు. మనవడి తరం దాటితే మన పేరు ఎవరికీ తెలియదు. పని చేతులు మారడంతో కొలిస్తే లెక్క తిరగబడుతుంది. 1935 నాటి ఆ రెండు వేలమందికి పైగా పనివాళ్లలో ఒక్కరి పేరైనా మనలో ఎంతమంది చెప్పగలం? అయినా వాళ్లు లేకపోతే దోర్నకల్ అధ్యక్ష మండలం ఒక తమిళ పెద్దమనిషి కలగా మిగిలేది. అజరయ్య గారి సతీమణి అన్బు మరియమ్మాళ్ గారు స్త్రీల మధ్య చేసిన పనికి మనం ఫలకాలు చెక్కించలేదు. కూతురికి కల్లలేని తూకం నేర్పిన కిరాణా వ్యాపారి, కొత్తగా చేరిన కుర్రాడికి పనితోపాటు టికెట్టు డబ్బు తినకూడదన్న నిబ్బరం నేర్పిన కండక్టరు, పొరుగింటి పిల్లను కూడా తన పిల్లతోపాటు కూర్చోబెట్టి చదివించిన తల్లి, వీళ్లు విడిచి వెళ్లేది క్రైస్తవ వారసత్వమే. అది ప్రార్థనల్లోంచి ఊడిపడదు. ఎవరికి, ఏం, ఎప్పటిలోగా నేర్పాలన్న నిర్ణయంతో, అలవాటుతో వస్తుంది.

అందుకని ఈ సభ ముందు ఒక్క పని పెట్టి ముగిస్తాను. ప్రతి సంఘం, ప్రతి క్రైస్తవ బడి, ప్రతి ఆస్పత్రి తన వార్షిక సమావేశంలో జమాఖర్చులతోపాటు మరో పట్టిక చదవాలి. ఈ ఏడాది ఎవరి చేతికి కొత్తగా లెక్కల పుస్తకం ఇచ్చాం? ప్రసంగ వేదిక ఎక్కని ఏ ఆడపిల్లను ఎక్కించాం? పదవిలో ఉన్నవాళ్లతో విభేదించినందుకు ఎవరినీ పక్కన పెట్టలేదని చెప్పగలమా? దిగిపోయిన పెద్దలు ఎవరు, వాళ్లు దిగాక పని సాగిందా? ఈ ప్రశ్నలకు పేర్లతో జవాబు చెప్పగలిగిన సంఘానికి అజరయ్య గారి పేరు చెప్పుకునే హక్కుంటుంది. చెప్పలేని సంఘం ఆయనకు మరో ఫలకం పెట్టే ముందు ఆ జవాబులు తయారు చేసుకోవాలి.